మెట్ట చేలో సీతాఫలం రకాలను పోల్చి చూసుకోవడం ఎలా? 40 సెంట్ల పరీక్ష తోట

మాచర్ల, దుర్గి, వినుకొండ వైపు నుంచీ, కృష్ణ దాటాక మైలవరం, తిరువూరు వైపు నుంచీ తొలకరికి ముందు ఏటా వచ్చే ప్రశ్న ఒకటే: "బోరు లేదు, వాన మీదే ఆధారం. బాలానగర్ వెయ్యాలా, అర్కా సహన్ వెయ్యాలా, లేకపోతే ఆ పసుపుపచ్చ గోల్డెన్ రకమా?"

ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ మాట నమ్మి నాలుగెకరాలు నింపకండి. అర్కా సహన్ బెంగళూరు పక్కన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలో పుట్టిన సంకర రకం. అక్కడి నేల సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది, నడివేసవిలోనూ ఎండ 36 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మన దగ్గర రోహిణి కార్తెలో 44 దాటుతుంది. సీతాఫలం పూత సరిగ్గా ఆ వేడిగాలిలోనే మొదలవుతుంది. ఆ వేడికి పూలలో తడి ఆరిపోయి పుప్పొడి అంటుకోదు, పిందె కట్టకుండానే పూత రాలుతుంది. కాబట్టి అక్కడి దిగుబడి అంకె ఇక్కడ చెల్లదు. మీ నేలలో, మీ వానలో ఏ రకం నిలబడిందో మీ చేలోనే తేలాలి. దానికి 40 సెంట్లు చాలు, కానీ ఓపిక మాత్రం ఐదారేళ్లు ఉండాలి.

ఏమేం కావాలి

- 40 సెంట్ల నేల. ఒకే రంగు మట్టి, ఒకే వాలు ఉండాలి. పాత పెంటదిబ్బ, కల్లం, చెట్టు పీకిన గుంత ఉన్న చోటు వద్దు.
- మూడు రకాలు, రకానికి 12 చొప్పున 36 అంటు మొక్కలు. చుట్టూ కాపలా వరుసకు 28 మొక్కలు. చచ్చినవాటి స్థానంలో పెట్టడానికి రకానికి రెండు చొప్పున మరో 6.
- వాన కొలవడానికి అంచులు నిటారుగా ఉన్న డబ్బా, స్కేలు.
- దర్జీ టేపు, 5 గ్రాముల తేడా చూపే ఎలక్ట్రానిక్ కాటా.
- తీపి కొలిచే చేతి రిఫ్రాక్టోమీటర్, 0 నుంచి 32 బ్రిక్స్ (రసంలో నూటికి ఎంత చక్కెరో చెప్పే కొలత) వరకు చూపేది.
- సమమట్టం చూడటానికి సన్నని నీటి గొట్టం.
- అల్యూమినియం రేకు బిళ్లలు, ఎర్ర పెయింటు, గట్టి అట్ట నోటుబుక్కు, పెన్సిలు. పెన్ను వద్దు, తడిస్తే ఏడాది లెక్క చెరిగిపోతుంది.

రకాలు మూడు దాటించకండి. ఐదు పెడితే ఒక్కో దానికి చెట్లు తగ్గిపోయి ఏ సంగతీ తేలదు. ఒకటి తప్పనిసరిగా బాలానగర్ అయి ఉండాలి. పాలమూరు ప్రాంతంలోని బాలానగర్ పేరుతో వచ్చిన ఈ రకం మెట్టకు అలవాటుపడ్డది, మార్కెట్‌కు తెలిసినది. కొత్త రకం దేన్నయినా దీని పక్కన నిలబెట్టి చూడాలి.

1. నేలను ముందే చూడండి

పొలంలో పైన, మధ్యన, కింద మూడు చోట్ల మూడడుగుల లోతు గుంత తీయండి. ఎంత లోతుకు మట్టి ఉంది, ఎక్కడ గరప తగిలింది, ఎక్కడ బండ తగిలింది రాసుకోండి. ఒక చోట అడుగున్నరకే బండ తగిలి, ఇంకో చోట మూడడుగులా మట్టే ఉంటే, ఆ రెండు చోట్లా పెట్టిన రకాలను పోల్చి లాభం లేదు. మీరు పోలుస్తున్నది మట్టిని, రకాన్ని కాదు.

తర్వాత ఆ గుంతల పక్కనే అడుగు లోతు చిన్న గుంత తీసి నీళ్లు నింపండి. ఇంకిపోయాక మళ్లీ నింపి టైము చూడండి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికీ నిలిచే ఉంటే ఆ చోటు సీతాఫలానికి పనికిరాదు. ఈ చెట్టు బెట్టను ఓర్చుకుంటుంది గానీ మొదలు దగ్గర నీరు నిలిస్తే కుళ్లుతుంది. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడిలో ఇది తరచూ జరిగే నష్టం. స్వాతి వానలకు నాలుగు రోజులు నీరు నిలిచిందంటే చెట్టు పసుపుబారిపోతుంది.

2. మొక్కలు తెచ్చేటప్పుడే సగం పని అయిపోతుంది

చాలా పోలికలు ఇక్కడే చెడతాయి. బాలానగర్ గింజ మొక్క తెస్తారు, అర్కా సహన్ అంటు మొక్క తెస్తారు. అంటు మొక్క ముందుగా కాపుకొస్తుంది, గింజ మొక్క ఆలస్యం చేస్తుంది. మూడో ఏడు చూసి "సహన్ గెలిచింది" అంటారు. అక్కడ గెలిచింది అంటు కట్టడం, రకం కాదు.

కాబట్టి మూడు రకాలూ అంటు మొక్కలే కావాలి. మూడూ ఒకే రకం వేరు మొక్క (అతుకు కింద వేళ్లున్న భాగం) మీద కట్టినవి, వీలైతే ఒకే నర్సరీలో ఒకే నెలలో కట్టినవి అయి ఉండాలి. అంటు అతుకు దగ్గర కాండం పెన్సిలు మందం ఉన్నవే ఏరండి. నర్సరీలో సంచిని కొంచెం చింపి వేరు చూడండి, అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే తీసుకోకండి. చుట్టుకున్న వేరు మెట్టలో లోతుకు దిగదు, రెండో వేసవికి చెట్టు ఎండుతుంది. నెపం రకం మీద పడుతుంది.

3. వరుసలు వాలుకు అడ్డంగా

ఇది పోలికకు ప్రాణం. చేలో వాన నీరు కిందికి పారుతుంది, మట్టి కూడా కిందికే చేరుతుంది. కింది గట్టు దగ్గరి చెట్టుకు ఎప్పుడూ ఎక్కువ తేమ ఉంటుంది. ఒక రకమంతా పైన, ఇంకో రకమంతా కింద పెట్టారంటే ఫలితం నాటిన రోజే ఖాయమైపోయినట్టు.

ఇలా చెయ్యండి. నీటి గొట్టంతో సమమట్టం చూసి, వాలుకు అడ్డంగా ఆరు వరుసలు గీయండి. వరుసకూ వరుసకూ 5 మీటర్లు, చెట్టుకూ చెట్టుకూ 5 మీటర్లు. ఒక్కో వరుసలో ఆరు చెట్లు, అంటే మూడు రకాలకూ రెండేసి చెట్లు పక్కపక్కన. ప్రతి వరుసలోనూ మూడు రకాలూ ఉంటాయి గనుక పై వరుసలోని మూడింటికీ బెట్ట సమానం, కింది వరుసలోని మూడింటికీ తేమ సమానం.

వరుసలో ఏ రకం ముందు, ఏది తర్వాత అన్నది మీరు నిర్ణయించకండి. మూడు చిట్టీలు రాసి, ప్రతి వరుసకూ విడిగా తీయండి. "ఈ మూల బాగుంటుంది, కొత్త రకం ఇక్కడ పెడదాం" అని చెయ్యి తెలియకుండానే పక్షపాతం చూపుతుంది.

చుట్టూ నాలుగు వైపులా ఒక కాపలా వరుస వెయ్యండి. అప్పుడు మొత్తం ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చెట్లు, 64 చెట్లు. 1,600 చదరపు మీటర్లు, దాదాపు 40 సెంట్లు. కాపలా చెట్ల కాయలు తినండి, అమ్ముకోండి, లెక్కలో మాత్రం కలపకండి. గట్టు చివరి చెట్టుకు పక్కన పోటీ ఉండదు గనుక అది ఎప్పుడూ ఎక్కువే కాస్తుంది.

నేల తక్కువైతే రెండు రకాలే తీసుకుని వరుసకు నాలుగు చెట్లు పెట్టండి. వరుసల సంఖ్య మాత్రం ఆరు కన్నా తగ్గించకండి. ఎందుకో 9వ మెట్టులో తెలుస్తుంది.

4. గుంతలు, నాటడం

వేసవిలోనే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున గుంతలు తీసి ఎండనివ్వండి. ఒక్కో గుంతకు పైమట్టితో పాటు బాగా మాగిన పశువుల ఎరువు 10 కిలోలు, వేపపిండి కిలో, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అరకిలో కలపండి. గంపలతో కాకుండా కాటాతో తూచి వెయ్యండి. గంపలో తడి ఎరువు ఒక తూకం, పొడి ఎరువు ఇంకో తూకం. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి.

మంచి వాన రెండుసార్లు పడి నేల రెండడుగుల లోతుకు తడిసాక నాటండి. మన వైపు అది సాధారణంగా జూలైలో, ఒక్కోసారి ఆగస్టులో. అంటు అతుకు మట్టికి జానెడు పైనే ఉండాలి. 64 మొక్కలూ ఒకే రోజు, వీలు కాకపోతే వరుస వరుసంతా ఒకే రోజు పూర్తి చెయ్యండి. మిగిలిన ఆరు మొక్కలనూ కాపలా వరుస పక్కన చిన్న గుంతల్లో పెట్టి పెంచండి. మొదటి ఏడాదిలోపు పోయిన వాటి చోట వీటిని వెయ్యవచ్చు. ఆ తర్వాత పోతే ఖాళీగానే వదిలి "పోయింది" అని రాయండి.

ప్రతి చెట్టుకూ దిగువ వైపు అర్ధచంద్రాకారంలో కట్ట వెయ్యండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు లీటరు నీరు. 5×5 మీటర్ల చోటు మీద 25 మి.మీ. వాన పడితే ఒక్కో చెట్టు వాటా 625 లీటర్లు. ఆ నీరు ఆగిందా, పారిపోయిందా అన్నది కట్ట చేతిలో ఉంది. ఒక చెట్టు కట్ట తెగి, పక్కదాని కట్ట నిలిస్తే మీ లెక్క అంతా తప్పుతుంది. పెద్ద వాన పడ్డ ప్రతిసారీ చేను చుట్టి రండి.

5. బిళ్లలు, పటం, ఎర్ర గీత

చెట్లకు రకం పేరు కట్టకండి. 1 నుంచి 36 వరకు నంబర్లు మాత్రమే కట్టండి. ఏ నంబరు ఏ రకమో పటం గీసి రెండు కాపీలు చేసి ఇంట్లో ఒకటి, ఇంకో చోట ఒకటి దాచండి. తూకం వేసే మనిషికి రకం పేరు తెలియకపోతే తూకం నిజాయితీగా ఉంటుంది.

ప్రతి చెట్టుకూ అంటు అతుకు పైన ఎర్ర పెయింటుతో గీత పెట్టండి. ఇది తప్పకుండా చెయ్యాల్సిన పని. వేసవి బెట్టకు పైన కట్టిన కొమ్మ చచ్చిపోయి, అతుకు కింద వేరు మొక్క నుంచి చిగురు రావడం మెట్టలో మామూలే. దూరం నుంచి చూస్తే చెట్టు పచ్చగా, బలంగా కనబడుతుంది. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే ఎర్ర గీత పైభాగం నల్లగా ఎండి ఉంటుంది, పచ్చదనమంతా గీత కిందిదే. అది బతికిన చెట్టు కాదు. ఆ రకం చచ్చిపోయి అడవి సీతాఫలం మిగిలింది. పుస్తకంలో "పోయింది" అనే రాయండి. గీత కింద వచ్చే చిగుళ్లను మొదటి రెండేళ్లూ నెలకోసారి బొటనవేలితో తుంచేయండి.

6. నీళ్లు: ఎవరికీ ఎక్కువ వద్దు

మొదటి రెండు వేసవుల్లో జీవ తడి ఇవ్వకపోతే ఏ రకమూ మిగలదు. ఫిబ్రవరి నుంచి మే వరకు పది రోజులకోసారి చెట్టుకు 15 లీటర్లు, కొలిచిన బక్కెట్టుతో. వాడిపోయిందని ఒక చెట్టుకు రెండు బక్కెట్లు పోయడం జాలి పనే గానీ, పోలిక అక్కడే చెడుతుంది. మూడో వేసవి నుంచి తడి పూర్తిగా ఆపండి. వర్షాధారం అంటే అప్పటి నుంచే లెక్క.

పాదులో ఎండుగడ్డి, కంది మోళ్లు నాలుగంగుళాల మందాన పరవండి, మూడు రకాలకూ సమానంగా. కాండానికి తగలకుండా జానెడు వదలండి.

మొదటి రెండేళ్లు వచ్చిన పిందెలన్నీ తుంచేయండి. కత్తిరింపు చేస్తే అన్నిటికీ ఒకే వారంలో, ఒకే ఎత్తున చెయ్యండి.

7. ఏం కొలవాలి, ఎప్పుడు

*వాన.* డబ్బాను చెట్ల నీడ పడని చోట, నేల నుంచి అడుగు ఎత్తున, గాలికి ఒరగకుండా పాతండి. రోజూ ఉదయం 8:30కి స్కేలు పెట్టి లోతు చూడండి. వాతావరణ శాఖ కూడా ఆ సమయానికే కొలుస్తుంది. డబ్బా అంచులు నిటారుగా ఉంటే లోతు ఎన్ని మిల్లీమీటర్లో అన్ని మిల్లీమీటర్ల వాన పడ్డట్టు. మొత్తం వాన కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. 2.5 మి.మీ. కూడా పడని రోజులు వరసగా ఎన్ని వచ్చాయో రాయండి. 800 మి.మీ. పడ్డ ఏడాదిలోనూ ఆగస్టులో 30 రోజులు వాన లేకపోతే పిందెలు నిలవవు.

*బతికినవి.* ఏటా మే చివర, మృగశిరకు ముందు, ఎర్ర గీత పైన పచ్చగా ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి.

*కాండం చుట్టుకొలత.* అతుకుకు జానెడు పైన, పెయింటు చుక్క పెట్టిన చోటే, ఏటా డిసెంబరులో. చుట్టుకొలతను దానితోనే గుణించి 12.57తో భాగిస్తే కాండం వైశాల్యం వస్తుంది. 22 సెం.మీ. చుట్టుకొలతకు 38.5 చదరపు సెం.మీ. ఆ చెట్టు 6 కిలోలు కాస్తే చదరపు సెం.మీ.కు 0.16 కిలో. చెట్టు పెద్దదై ఎక్కువ కాసిందా, చిన్నదైనా బాగా కాసిందా తెలిసేది దీనితోనే. చిన్న చెట్టు బాగా కాస్తే ఎకరాకు దగ్గరగా వేసుకునే వీలుంటుంది.

*బెట్ట గుర్తు.* మూడు వారాలు వాన లేనప్పుడు ఒక రోజు మధ్యాహ్నం రెండు గంటలకూ, మర్నాడు తెల్లవారుజామునా ఆకులు చూడండి. మధ్యాహ్నం వాడి తెల్లారేసరికి లేచిన ఆకు బాగానే ఉన్నట్టు. తెల్లారినా వాలే ఉన్న ఆకు చెట్టుకు వేరు కింద నీరు అయిపోయిందని చెబుతోంది. ఏ నంబరు చెట్లు ముందు ఆ స్థితికి వచ్చాయో రాయండి.

*పూత, పిందె.* చెట్టుకు నాలుగు దిక్కులా నాలుగు కొమ్మలకు దారం కట్టి, పూసిన పూలు, మూడు వారాల తర్వాత నిలిచిన పిందెలు లెక్కపెట్టండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సీతాఫలం పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. అందుకే తన పుప్పొడి తనకు సరిగా అందదు. చిన్న చిన్న పెంకు పురుగులు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు మోస్తేనే పిందె. అర్కా సహన్‌కు చేత్తో పుప్పొడి అద్దితే కాపు బాగా పెరుగుతుంది. కాబట్టి మూడు రకాల్లోనూ చెట్టుకు మరో కొమ్మ విడిగా గుర్తుపెట్టి దానికి చేత్తో అద్దండి. ఉదయం పూటే, రేకలు పూర్తిగా విచ్చి పుప్పొడి రాలుతున్న బాలానగర్ పూలను డబ్బాలో దులిపి, రేకలు కొంచెమే తెరుచుకున్న పూల మధ్యలో మెత్తటి బ్రష్‌తో తాకించాలి. అద్దిన కొమ్మకే కాయలు నిలిచి, వదిలేసిన కొమ్మలు ఖాళీగా ఉంటే ఆ రకానికి కూలి ఖర్చు ఉందని అర్థం. నాలుగెకరాల్లో ఆ పని చేసే మనుషులు మీకున్నారా అన్నది అప్పుడు ఆలోచించండి.

ఇంకొకటి గమనించండి. పరీక్ష తోటలో కొత్త రకం చుట్టూ బాలానగర్ చెట్లున్నాయి, పుప్పొడి ఉచితంగా అందుతోంది. రేపు ఆ ఒక్క రకమే నాలుగెకరాలు వేస్తే ఆ సాయం ఉండదు. అందుకని తోట పెంచేటప్పుడు ప్రతి ఐదో వరుస బాలానగర్ ఉంచుకోండి.

8. కోత, తూకం, తీపి

కాయ మీది కళ్లు ఉబ్బి దూరమై, వాటి మధ్య గాడులు వెడల్పై లేత పసుపు తెలుపు రంగు కనబడితే కోతకు వచ్చినట్టు. పచ్చిగా కోస్తే నల్లబడి రాయిలా ఎండుతుంది, పండదు. గోల్డెన్ లాంటి రకాల్లో తొక్కే పసుపు గనుక రంగు చూసి మోసపోకండి, గాడుల వెడల్పు చూడండి. మూడు నాలుగు రోజులకోసారి అన్ని వరుసలూ ఒకే రోజు కొయ్యండి.

ప్రతి కోతకూ చెట్టు నంబరు వారీగా మూడు అంకెలు రాయండి: అమ్మదగ్గ కాయల సంఖ్య, వాటి తూకం, పనికిరాని కాయల సంఖ్య. పనికిరానివాటిలో పిండినల్లి పట్టినవి వేరు, చెట్టు మీదే నల్లగా ఎండిపోయినవి వేరు, పగిలినవి వేరు. బెట్ట తర్వాత ఒక్కసారిగా పెద్ద వాన పడితే పగుళ్లు వస్తాయి. ఏ రకం ఎక్కువ పగులుతుందో అదే ఏడాది బయటపడుతుంది.

కోతకు ముందు ప్రతిసారీ కాటా సరిచూడండి. విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి అంకె రాసుకుంటే చాలు. ప్రతిసారీ అదే ప్యాకెట్, అదే అంకె రావాలి.

తీపి దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. అన్ని రకాలనూ ఒకే రోజు కోసి, మూడో రోజు ఒకేసారి బ్రిక్స్ చూస్తారు. బాలానగర్ అప్పటికి పండి ఉంటుంది. అర్కా సహన్ నెమ్మదిగా పండుతుంది, అప్పటికి ఇంకా గట్టిగానే ఉంటుంది. "సహన్ చప్పగా ఉంది" అని రాసేస్తారు. కోసిన రోజు నుంచి లెక్క పెట్టకండి. కాయ భుజం దగ్గర బొటనవేలితో తేలిగ్గా నొక్కితే లోపలికి పోయిన రోజున కొలవండి. ఏ రకానికి ఎన్నో రోజున ఆ మెత్తదనం వచ్చిందో, అక్కడి నుంచి తొక్క నల్లబడేదాకా ఎన్ని రోజులు నిలిచిందో కూడా రాయండి. విజయవాడ మార్కెట్‌కు పంపాలన్నా, హైదరాబాద్ పంపాలన్నా వ్యాపారి అడిగేది ఆ రోజుల లెక్కే.

గుజ్జును పలుచని గుడ్డలో పిండి రెండు చుక్కల రసం అద్దం మీద వెయ్యండి. ముందు మంచినీళ్లతో సున్నా చూసుకోండి, రాకపోతే స్క్రూ తిప్పి సరిచెయ్యండి. 25 గ్రాముల పంచదార 75 గ్రాముల నీళ్లలో కరిగిస్తే 25 చూపాలి. అలా చూపకపోతే ఆ పరికరం అంకెను నమ్మకండి. రసం 32 దాటి అద్దమంతా ఒకే రంగయిపోతే, 10 గ్రాముల రసానికి 10 గ్రాముల నీళ్లు కలిపి వచ్చిన అంకెను రెట్టింపు చెయ్యండి. కొలత గ్రాముల్లోనే ఉండాలి, చెంచాల్లో కాదు.

వరుసకూ రకానికీ మూడు కాయల చొప్పున తొక్క, గింజ, గుజ్జు విడిగా తూచండి. గింజలు నూరితే పొడి కంట్లో పడనివ్వకండి, చూపు దెబ్బతింటుంది. పిల్లలకు అందకుండా పారేయండి.

9. లెక్క తేల్చడం

కాపు లెక్క నాలుగో ఏడు నుంచి మొదలుపెట్టి కనీసం మూడు కాపులు చూడండి. అందులో ఒక కరువు ఏడాది లేకపోతే ఇంకో ఏడాది ఆగండి.

మొదటి నియమం: సగటును *నాటిన* చెట్ల మీద తియ్యండి, బతికిన చెట్ల మీద కాదు. ఉదాహరణకు ఒక రకం 12 చెట్లూ బతికి 66 కిలోలు కాసింది, ఇంకోటి 8 మాత్రమే బతికి 60 కిలోలు కాసింది అనుకుందాం. బతికినవాటి మీద తీస్తే మొదటిది 5.5, రెండోది 7.5 కిలోలు, రెండోది గెలిచినట్టు కనబడుతుంది. నాటినవాటి మీద తీస్తే 5.5, 5.0. మీ చేలో ఖాళీ పాదులకు కూడా మీరే డబ్బు పెట్టారు.

రెండోది: మొత్తం మాత్రమే చూడకండి, వరుస వరుసా పోల్చండి. ఆరు వరుసల్లోనూ ఒకే రకం ముందుంటే ఆ తేడా నమ్మవచ్చు. రెండు రకాలూ నిజానికి సమానమైతే, ఆరు వరుసల్లోనూ ఒకటే ముందుండటం 32 సార్లలో ఒక్కసారే జరుగుతుంది. ఐదు వరుసల్లో ముందుంటే ఇంకో కాపు చూడండి, ఆ మాత్రం తేడా సమానమైన రకాల మధ్య కూడా ఐదింట ఒకసారి వస్తుంది. నాలుగే అయితే తేడా లేదనుకోండి. నాలుగు వరుసలతో పరీక్ష పెట్టి ఉంటే నాలుగింటికి నాలుగు వచ్చినా ఎనిమిదింట ఒకసారి అది ఉత్త అదృష్టమే. ఆరు వరుసలు తగ్గించవద్దన్నది అందుకే.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: మంచి ఏడాది అంకె పక్కన పెట్టి, మూడింట్లో అతి చెడ్డ ఏడాది అంకె చూడండి. మంచి వానలో అన్ని రకాలూ కాస్తాయి. బోరు లేని రైతుకు అప్పు పుట్టేది చెడ్డ ఏడాదిలోనే. మంచి ఏడు 9 కిలోలు, చెడ్డ ఏడు కిలో కాసే రకం కన్నా, ఎప్పుడైనా 4 కిలోలకు తగ్గని రకం మెట్టకు మేలు.

ధర కోసం మూడు రకాలనూ ఒకే సైజు క్రేట్లలో 1, 2, 3 అని మాత్రమే రాసి, ఇద్దరు ముగ్గురు వ్యాపారులను విడివిడిగా ధర కట్టమనండి. పేరు చెబితే పేరుకే ధర కడతారు.

రేగు, ఉసిరి అయితే

పద్ధతి ఇదే, కొన్ని మార్పులతో. రేగులో గోలా ముందు వస్తుంది, ఉమ్రాన్ ఆలస్యంగా వస్తుంది. వానాకాలం తేమ తొందరగా ఆరిపోయే గరప నేలలో ముందొచ్చే రకం తప్పించుకుంటుంది గనుక కోత తేదీలు తప్పక రాయండి. చెట్ల మధ్య 6 మీటర్లు ఇవ్వండి. రేగుకు ఏటా ఏప్రిల్–మే లో కత్తిరింపు ఉంటుంది. ఒక చెట్టును ఎక్కువ, ఒకదాన్ని తక్కువ కత్తిరిస్తే పోలిక అక్కడితో అయిపోయినట్టే. వీలైతే పాదులోనే గింజ వేసి మొలిచాక అక్కడే కన్ను అంటు కట్టించండి, తల్లివేరు తెగకుండా లోతుకు పోతుంది. పండు ఈగ పట్టిన కాయలు, బూడిద తెగులు పట్టిన కాయలు విడిగా లెక్కపెట్టండి.

ఉసిరికి 8 మీటర్లు. ఎన్‌ఏ-7, కృష్ణ, కాంచన్, చకయ్య లాంటివి పోల్చేటప్పుడు ఒక సంగతి మరవకండి: ఉసిరి తన రకం పుప్పొడితో సరిగా కాయదు. పరీక్షలో అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి అన్నీ కాస్తాయి. గెలిచిన ఒక్కదాన్నే తోటంతా వేస్తే కాపు పడిపోతుంది. కనీసం రెండు రకాలు కలిపే నాటాలి. కోతలో కాయను అడ్డంగా కోసి చూడండి. లోపల గోధుమ రంగు మచ్చలుంటే బోరాన్ లోపం కావచ్చు, రకం మీద నింద వెయ్యకముందు మట్టి పరీక్ష చేయించండి.

ఐదేళ్లు ఆగలేకపోతే

చుట్టుపక్కల మెట్టలో ఒకే కంచెలో, ఒకే ఏడాది నాటిన రెండు రకాలున్న తోటలు వెతకండి. ఒక్కో తోటలో పక్కపక్కన ఉన్న చెట్లను జతలుగా ఎంచుకుని, పది జతలు తూచండి. అలా ఆరు తోటలు దొరికితే ఒక్కో తోటను ఒక వరుస అనుకుని 9వ మెట్టు లెక్కే వెయ్యండి. వేరు వేరు తోటల్లోని వేరు వేరు రకాలను మాత్రం పోల్చకండి. ఒకాయన చేలో చాటుగా ఇచ్చిన రెండు తడులు మీ లెక్కలో కనబడవు.

ఓడిన చెట్లను ఏం చెయ్యాలి

పీకకండి. ఐదేళ్ల వేరు లోతుకు దిగి ఉంటుంది, దాన్ని మళ్లీ పెంచలేరు. ఫిబ్రవరిలో కాండాన్ని ఎర్ర గీతకు పైన రెండడుగుల ఎత్తున రంపంతో ఏటవాలుగా కోసి, కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. వచ్చిన చిగుళ్లలో దిక్కుకొకటి చొప్పున మూడు నాలుగు ఉంచి, అవి పెన్సిలు మందం అయ్యాక గెలిచిన రకం కొమ్మతో అంటు కట్టించండి. కొమ్మ ఏ నంబరు చెట్టు నుంచి తీశారో పాత పుస్తకంలోనే రాయండి. ఆరు వరుసల్లోనూ బాగా కాసిన రకంలో కూడా చెట్టుకూ చెట్టుకూ తేడా ఉంటుంది, చెడ్డ ఏడాదిలో ఎక్కువ కాసిన చెట్టు నుంచే కొమ్మ తీసుకోండి.